రాష్ట్రపతి కుర్చీ ఖాళీ అయితే ఎవరు కూర్చుంటారు?

(సాంఘికశాస్త్రం పుట. రాసినది: 9వ తరగతి విద్యార్థిని)



2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నిక జరిగినప్పుడు మన హాస్టల్లో చాలామంది ఒకే మాట అడిగినారు. "మనూళ్లో ఎవరూ ఓటెయ్యలేదు కదా, మరి ఈయన్ని ఎవరు ఎన్నుకున్నారు?" అని. ఇంకొక చెల్లి "అప్పా, రాష్ట్రపతి ఉన్నారు కదా, మళ్లీ ఉపరాష్ట్రపతికి పనేటి?" అన్నాది. ఈ రెండు ప్రశ్నలకీ ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఇందులో మన పార్వతీపురం కథ కూడా ఒకటి ఉంది. పాఠం పుస్తకంలో అది లేదు. కాబట్టి చివరి దాకా చదవండి.

మన సవర ఊళ్లల్లో గొమాంగో అని ఊరిపెద్ద ఉంటాడు. పాత రోజుల నుండి తండ్రి తరువాత కొడుక్కి ఆ పెద్దరికం వస్తాది. కాబట్టి పెద్దాయన పోతే తరువాత ఎవరు అని ఎవరూ అడగరు. రాజుల కాలంలో కూడా అంతే. కానీ మనది గణతంత్ర దేశం. ఇక్కడ రాష్ట్రపతి కొడుకు రాష్ట్రపతి కాడు. మరి రాష్ట్రపతి ఉన్నట్టుండి చనిపోతే? రాజీనామా చేస్తే? అందుకే మన రాజ్యాంగం ముందుగానే ఏర్పాటు రాసి పెట్టింది. ఆ ఏర్పాటులో మొదటి మనిషే ఉపరాష్ట్రపతి.

ఉపరాష్ట్రపతి పని ఏటి?

రాజ్యాంగంలో 63వ ప్రకరణ "భారతదేశానికి ఒక ఉపరాష్ట్రపతి ఉండాలి" అని చెప్తాది. ఆయనకి రెండు పనులు.

మొదటిది, రాజ్యసభకి అధ్యక్షుడుగా ఉండడం (64వ ప్రకరణ). మన ప్రార్థన సభలో మాస్టారు "నువ్వు మాట్లాడు, నువ్వు కూర్చో" అన్నట్టు, రాజ్యసభలో ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ఆయన చెప్తారు. ఆయన రాజ్యసభ సభ్యుడు మాత్రం కాదు. రోజూ చేసే పని ఇదే.

రెండోది, రాష్ట్రపతి పదవి ఖాళీ అయితే కొత్త రాష్ట్రపతి వచ్చేదాకా ఆ పని చూడడం (65వ ప్రకరణ). రాష్ట్రపతికి జబ్బు చేసినా, దూరదేశంలో ఉండి పని చెయ్యలేకపోయినా ఆయనే చూస్తారు. రాష్ట్రపతి పని చేస్తున్నన్నాళ్లు ఆయన రాజ్యసభ అధ్యక్ష పని చెయ్యకూడదు. అప్పుడు రాజ్యసభని డిప్యూటీ ఛైర్మన్ నడిపిస్తారు.

ఎవరు పోటీ చెయ్యొచ్చు?

భారత పౌరులు అయ్యుండాలి. 35 ఏళ్లు నిండాలి. రాజ్యసభ సభ్యత్వానికి కావలసిన అర్హతలు ఉండాలి. ప్రభుత్వంలో జీతం వచ్చే ఉద్యోగం చేస్తూ నిలబడకూడదు. నామినేషన్ కాగితం మీద 20 మంది పార్లమెంటు సభ్యులు ప్రతిపాదించాలి, ఇంకొక 20 మంది బలపరచాలి. 15,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి. ఇంత చదువు చదవాలి, ఇంత భూమి ఉండాలి, ఈ కులం అయ్యుండాలి అని ఎక్కడా రాయలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తరువాత పనికొస్తాది.

ఎవరు ఓటు వేస్తారు?

మనం వెయ్యం. మన ఎమ్మెల్యేలు కూడా వెయ్యరు. లోక్‌సభ, రాజ్యసభ సభ్యులు మాత్రమే వేస్తారు. నామినేటెడ్ సభ్యులకి కూడా ఓటు ఉంటాది. ఒక్కొక్కరికి ఒక్క ఓటు, అన్ని ఓట్లకీ ఒకే విలువ.

రాష్ట్రపతి ఎన్నిక దీనికి వేరు. అందులో పార్లమెంటుకి ఎన్నికైన సభ్యులతో పాటు రాష్ట్రాల ఎమ్మెల్యేలు కూడా వేస్తారు. పాలకొండ, కురుపాం, సాలూరు ఎస్టీ సీట్ల ఎమ్మెల్యేలు రాష్ట్రపతికి ఓటు వేస్తారు గానీ ఉపరాష్ట్రపతికి వెయ్యరు. అరకు నుండి గెలిచిన ఎంపీ రెండింటికీ వేస్తారు. ఆ ఎంపీని ఎన్నుకున్నది మన అమ్మానాన్నలే. కాబట్టి మన ఓటు ఒక మెట్టు దాటి అక్కడికి చేరుతాది అనుకోవచ్చు.

ఎందుకిలా తేడా పెట్టినారు అంటే, ఉపరాష్ట్రపతి రోజూ చేసేది రాజ్యసభ పని. కాబట్టి పార్లమెంటు ఎన్నుకుంటే చాలు అనుకున్నారు. రాష్ట్రపతి మొత్తం దేశానికీ రాష్ట్రాలకీ పెద్ద, కాబట్టి రాష్ట్రాల మాట కూడా కావాలి.

ఓట్లు లెక్కపెట్టే పద్ధతి

ఇది కొంచెం కష్టంగా ఉంటాది, నెమ్మదిగా చదవండి. ఓటు కాగితం మీద ముద్ర వెయ్యరు. అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు రాస్తారు. "నాకు మొదట ఈయన కావాలి, ఈయన కాకపోతే ఆయన" అని అర్థం. ఓటు రహస్యం. చెల్లిన ఓట్లలో సగం కంటే కనీసం ఒకటి ఎక్కువ వస్తేనే గెలుపు.

ఒక ఉదాహరణ చెప్తాను. మన బడి తోటలో ఏ మొక్క నాటాలి అని 30 మంది ఓటు వేసినారు అనుకోండి. సగం 15, ఒకటి కలిపితే 16 రావాలి.

మొదటి ఓట్లు: పనసకి 14, జీడిమామిడికి 10, సీతాఫలానికి 6.

ఎవరికీ 16 రాలేదు. అప్పుడు అందరి కంటే తక్కువ వచ్చిన సీతాఫలాన్ని తీసేస్తారు. కానీ ఆ 6 కాగితాలూ పారెయ్యరు. వాటి మీద 2 అంకె ఎవరికి వేసినారో చూస్తారు. ఆరుగురూ జీడిమామిడికి 2 వేసినారు అనుకోండి. అప్పుడు జీడిమామిడికి 16 అయ్యాయి, అదే గెలిచింది. మొదట ముందున్న పనస ఓడిపోయింది. చూసినారా, రెండో అంకె కూడా ఎంత పని చేస్తాదో.

ఇప్పుడు నిజం లెక్క. 2025 జూలై 21న జగదీప్ ధన్‌కడ్ గారు ఆరోగ్యం బాగోలేదని ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసినారు. సెప్టెంబరు 9న ఎన్నిక జరిగింది. ఓటర్లు 781 మంది. వేసినవారు 767 మంది. అందులో 15 ఓట్లు చెల్లలేదు, 752 చెల్లినాయి. సగానికి ఒకటి కలిపితే 377 కావాలి. సి.పి.రాధాకృష్ణన్ గారికి 452 వచ్చినాయి, తెలుగువారైన సుప్రీంకోర్టు మాజీ జడ్జి బి.సుదర్శన్ రెడ్డి గారికి 300 వచ్చినాయి. ఇద్దరే ఉన్నారు కాబట్టి రెండో అంకె చూడ్డం అవసరం రాలేదు. సెప్టెంబరు 12న కొత్త ఉపరాష్ట్రపతి చేత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ప్రమాణం చేయించినారు.

ఎంపీలు వేసినవాటిలో కూడా 15 ఓట్లు చెల్లలేదు చూడండి! మన ఊళ్లల్లో ముసలోళ్ల ఓటు చెల్లకపోతే "చదువు లేదు కదా" అని నవ్వుతారు. ఇకమీద అలా నవ్వకూడదు.

ఉపరాష్ట్రపతి పదవి 5 ఏళ్లు. ఆయన్ని తీసెయ్యాలంటే 14 రోజుల ముందు నోటీసు ఇచ్చి, రాజ్యసభలో అప్పుడున్న మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువ మంది తీర్మానం చెయ్యాలి, దానికి లోక్‌సభ ఒప్పుకోవాలి.

కుర్చీ ఖాళీ అయితే – నిచ్చెన మెట్లు

పక్కన నిచ్చెన బొమ్మ గీసినాను. పై నుండి కిందికి చదవండి.

1వ మెట్టు – రాష్ట్రపతి
2వ మెట్టు – ఉపరాష్ట్రపతి
3వ మెట్టు – సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి
4వ మెట్టు – సుప్రీంకోర్టులో అందుబాటులో ఉన్నవాళ్లలో అందరి కంటే సీనియర్ జడ్జి

మొదటి రెండు మెట్లు రాజ్యాంగంలోనే ఉన్నాయి. 3, 4 మెట్లు 1969లో పార్లమెంటు చేసిన చట్టంలో ఉన్నాయి. ప్రధానమంత్రి ఈ నిచ్చెనలో లేరు, చాలామంది ఉన్నారు అనుకుంటారు.

ఇంకొక మాట. ఇలా వచ్చినవాళ్లు తాత్కాలిక రాష్ట్రపతి మాత్రమే. రాష్ట్రపతి చనిపోయినా, రాజీనామా చేసినా 6 నెలల లోపల కొత్త రాష్ట్రపతిని ఎన్నుకోవాలి. అమెరికాలో అలా కాదు. అక్కడ అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ ఒక జంటగా ఎన్నికవుతారు. అధ్యక్షుడు చనిపోతే ఉపాధ్యక్షుడు మిగిలిన కాలం మొత్తానికీ అధ్యక్షుడు అయిపోతారు. 1963లో కెనడీ హత్య జరిగిన రోజే జాన్సన్ అధ్యక్షుడైనారు. ఉపాధ్యక్షుడు కూడా లేకపోతే అక్కడ ప్రతినిధుల సభ స్పీకరు వస్తారు. మన దగ్గర స్పీకరు రారు, జడ్జి వస్తారు.

నిచ్చెన పనిచేసిన ఏడు – 1969

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే చనిపోయినారు. అలా జరగడం అదే మొదటిసారి. అప్పుడు ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి గారు. వి.వి.గిరి అంటే తెలుస్తాది. అదే రోజు ఆయన తాత్కాలిక రాష్ట్రపతి అయినారు.

అప్పుడు పెద్దవాళ్లకి ఒక అనుమానం వచ్చింది. ఉపరాష్ట్రపతి పైకి వెళ్లిపోయినారు, మరి ఈయనకి కూడా ఏదైనా అయితే? రాజ్యాంగంలో 70వ ప్రకరణ "అలాంటప్పుడు పార్లమెంటు ఏర్పాటు చేసుకోవచ్చు" అని మాత్రం చెప్పింది, ఎవరు అని చెప్పలేదు. కాబట్టి ఆ మే నెలలోనే పార్లమెంటు చట్టం చేసి ప్రధాన న్యాయమూర్తి పేరు రాసింది.

రెండు నెలలు తిరగకుండా ఆ చట్టం అవసరం పడింది. గిరి గారు రాష్ట్రపతి పదవికి స్వతంత్రంగా పోటీ చెయ్యాలని జూలై 20న రాజీనామా చేసినారు. రాష్ట్రపతి లేరు, ఉపరాష్ట్రపతి లేరు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి ఎం.హిదాయతుల్లా గారు 35 రోజులు రాష్ట్రపతి పని చూసినారు. ఆ రోజుల్లోనే అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మన దేశానికి వచ్చినారు. ఆయన్ని రాష్ట్రపతి హోదాలో ఆహ్వానించింది ఒక జడ్జి!

ఆగస్టు 16న ఎన్నిక. కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు, ఎదురుగా గిరి గారు. ఇద్దరూ తెలుగువారే. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చినాయి. (ఇది రాష్ట్రపతి ఎన్నిక కాబట్టి ఒక్కొక్క ఓటుకి పెద్ద విలువ ఉంటాది. అందుకే అంకెలు లక్షల్లో ఉన్నాయి.) ఎవరికీ సగం దాటలేదు. అప్పుడు మన పనస, జీడిమామిడి లెక్క లాగ తక్కువ వచ్చినవాళ్లని తీసి, రెండో అంకె చూసినారు. చివరికి గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427. ఆగస్టు 24న గిరి గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేసినారు.

ఇంకొకసారి 1977 ఫిబ్రవరి 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు చనిపోయినారు. ఉపరాష్ట్రపతి బి.డి.జత్తి గారు జూలై 25 దాకా పని చూసినారు. ఆ తరువాత రాష్ట్రపతి ఎవరంటే, 1969లో ఓడిపోయిన నీలం సంజీవరెడ్డి గారే. ఈసారి పోటీ లేకుండా ఎన్నికైనారు.

ఇప్పుడు మన పార్వతీపురం కథ

గిరి గారు మన వైపు మనిషే. 1894లో బరంపురంలో పుట్టినారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది, అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. రైల్వే కార్మికుల నాయకుడు. 1937లో బొబ్బిలిలో ఏకంగా బొబ్బిలి రాజా గారి మీద నిలబడి గెలిచినారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకి గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రి అయినారు.

1957లో పార్వతీపురం లోక్‌సభ సీటుకి నిలబడినారు. ఆ రోజుల్లో పార్వతీపురానికి ఇద్దరు సభ్యులు. ఒకటి జనరల్ సీటు, ఒకటి ఎస్టీ సీటు. ఒక్కొక్క ఓటరుకి రెండు ఓట్లు. నలుగురు పోటీ చేసినారు. అందులో బిడ్డిక సత్యనారాయణ గారు, దిప్పల సూరిదొర గారు ఆదివాసీలు. లెక్కపెడితే అందరి కంటే ఎక్కువ ఓట్లు సత్యనారాయణ గారికి వచ్చినాయి, ఎస్టీ సీటు ఆయనకి ఇచ్చినారు. మిగిలినవాళ్లలో ఎవరికి ఎక్కువ అని చూస్తే సూరిదొర గారికి! కేంద్ర మంత్రిగా చేసిన గిరి గారి కంటే 565 ఓట్లు ఎక్కువ. కాబట్టి జనరల్ సీటు కూడా ఆదివాసీకే వచ్చింది.

గిరి గారు కోర్టుకి వెళ్లినారు. ఎస్టీ సీటుకి నిలబడిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారు అని ఒక వాదన. సూరిదొర గారు మూకదొర కాదు, క్షత్రియుల ఆచారాలు పాటిస్తారు కాబట్టి క్షత్రియుడు అయిపోయినారు అని ఇంకొక వాదన. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర గారి గెలుపే ఖాయం చేసింది. ఆదివాసీకి ఎస్టీ సీటు ప్రత్యేక రక్షణ మాత్రమే, ఎక్కువ ఓట్లు వస్తే జనరల్ సీటు కూడా ఆయన హక్కే అని తేల్చింది. వేషం, ఆచారం మార్చుకున్నంత మాత్రాన పుట్టిన తెగ పోదు అని కూడా తేల్చింది. 1961లో ఇద్దరు సభ్యుల సీట్లు తీసేసినారు.

ఓడిపోయినా గిరి గారు ఆగిపోలేదు. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకి గవర్నరు అయినారు. 1967లో 483 ఓట్లతో ఉపరాష్ట్రపతిగా గెలిచినారు, ఎదుటివారికి 193. తరువాత కథ మీరు పైన చదివినారు. ఇంకొక విచిత్రం, 1969 గెలుపు మీద వేరేవాళ్లు సుప్రీంకోర్టులో కేసు వేసినారు. అప్పుడు రాష్ట్రపతిగా ఉండి కూడా గిరి గారు కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పినారు. 1970లో ఆ కేసు కొట్టేసినారు.

మనకెందుకు ఇదంతా?

కొందరు అప్పలు "ఢిల్లీలో ఎవరు కూర్చుంటే మన కొండకేటి?" అన్నారు. నేను మూడు సంగతులు చెప్తాను.

ఒకటి. మనకి ఇచ్చే ఎస్టీ సర్టిఫికెట్ వెనకాల 1950లో రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు ఉంది. ఏ తెగలు ఆ జాబితాలో ఉండాలో అందులో ఉంటాది.

రెండు. ఏ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతమో చెప్పేది కూడా రాష్ట్రపతి ఉత్తర్వే. శ్రీకాకుళం వైపు ఆదివాసీలు ఉన్న ఊళ్లు కొన్ని షెడ్యూలులో లేవు. కొండ ఒకటే, గెడ్డ ఒకటే, గెడ్డకి ఇవతల ఊరికి చట్టం రక్ష ఉంటాది, అవతల ఊరికి ఉండదు. మా పెద్దవాళ్లు దీని గురించి ఎన్ని అర్జీలు పెట్టినా చివరికి సంతకం పడాల్సింది రాష్ట్రపతి బల్ల మీదే.

మూడు. మన భూమిని వేరేవాళ్లు కొనకుండా ఆపే 1/70 చట్టం అలాంటిదే. షెడ్యూల్డ్ ప్రాంతం కోసం గవర్నరు చేసే రెగ్యులేషన్ రాష్ట్రపతి ఒప్పుకుంటేనే చెల్లుతాది. అది అమల్లోకి వచ్చింది 1970 ఫిబ్రవరిలో. అప్పుడు రాష్ట్రపతి ఎవరు? వి.వి.గిరి గారే. పార్వతీపురంలో ఆదివాసీ చేతిలో ఓడిపోయినాయన రాష్ట్రపతిగా ఉన్నప్పుడే మన భూమికి కాపలా చట్టం వచ్చింది. అందుకే ఆ కుర్చీ ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండకూడదు. అందులో ఎవరు కూర్చుంటారో మనకి తెలిసుండాలి.

చివరగా ఒక లెక్క. 1952 నుండి 2025 దాకా 15 మంది ఉపరాష్ట్రపతులు అయినారు. వాళ్లలో ఆరుగురు తరువాత రాష్ట్రపతులు అయినారు. కానీ ఆ 15 మందిలో ఒక్క ఆడమనిషి లేరు. ఒక్క ఆదివాసీ లేరు. రాష్ట్రపతి కుర్చీలో మాత్రం 2022 జూలై 25న సంతాల్ ఆదివాసీ ద్రౌపది ముర్ము గారు కూర్చున్నారు. మయూర్‌భంజ్ జిల్లాలో చిన్న ఊరు ఆమెది. ఆ ఊరి నుండి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్ల తానే అని ఆమె ప్రమాణం రోజున చెప్పినారు. టీచరుగా పనిచేసి, తరువాత పట్టణం కౌన్సిలరుగా గెలిచి, అక్కడి నుండి మెట్టు మెట్టు ఎక్కినారు.

అర్హతలు మళ్లీ ఒకసారి చదవండి. పౌరులు అయ్యుండాలి, 35 ఏళ్లు నిండాలి. నాకు 14. ఇంకా 21 ఏళ్లు టైము ఉంది. మీకు కూడా ఉంది.

ప్రశ్నలు (జవాబులు పైనే ఉన్నాయి, పుస్తకం చూడకండి)

1. ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యేలు ఓటు వేస్తారా?
2. 100 ఓట్లు చెల్లితే గెలవడానికి ఎన్ని కావాలి?
3. 1969లో 35 రోజులు రాష్ట్రపతి పని చూసిన జడ్జి ఎవరు?
4. 1957లో పార్వతీపురం జనరల్ సీటు గెలిచిన ఆదివాసీ ఎవరు?
5. రాష్ట్రపతి పదవి ఖాళీ అయితే ఎన్ని నెలల్లో ఎన్నిక జరగాలి?

జవాబులు కాగితం మీద రాసి ఈ పత్రిక కింద ఉన్న డబ్బాలో వెయ్యండి. అన్నీ రాసినవాళ్ల పేర్లు వచ్చే నెల ఇక్కడే రాస్తాను. 6వ తరగతి చెల్లెళ్లకి తెలుగు చదవడం కష్టమైతే పెద్ద తరగతి అప్పలు సవరలో చదివి చెప్పండి.